అవ్వ బొమ్మల అంచులు

నాకు ముక్కు మీదే కోపమని మా అమ్మ కనపడ్డవాళ్ళందరికీ చెప్పేది. నిజమే, కాదనను. కానీ నేను చేసిన పెద్ద తప్పు కోపంలో చెయ్యలేదు, శుభ్రం పిచ్చిలో చేశాను. ఆ పిచ్చి సంగతి మాత్రం మా అమ్మ ఎవరికీ చెప్పేది కాదు. ఎందుకంటే అది నాకు ఆవిడ నుంచే వచ్చింది.

ఎనభైల్లో నేను నరసరావుపేట కోర్టులో టైపిస్టుని. కాగితానికి ఎడమ పక్క ఎంత అంచు వదలాలి, పైన ఎంత వదలాలి అని నిద్రలో లేపి అడిగినా చెప్పేదాన్ని. ఒక్క వరస పక్కకి జరిగితే కాగితం చింపేసి మళ్ళీ మొదటి నుంచి కొట్టేదాన్ని. గుమాస్తాలు చాటుగా నవ్వుకునేవాళ్ళు. నవ్వుకోనీ. నేను కొట్టిన కాగితం ఏనాడూ తప్పుందని వెనక్కి రాలేదు.

ఆ ఉద్యోగం కాక నాకు ఇంకో వ్యాపకం ఉండేది. అవ్వ బొమ్మలు దాచుకోవడం.

అవ్వ ఎవరో ముందు చెప్పాలి. నా చిన్నప్పుడు గుంటూరు నుంచి ఒక చిన్న దినపత్రిక వచ్చేది. ఇప్పుడది లేదు. నాలుగో పేజీ అడుగున రోజూ మూడు గళ్ళ బొమ్మల కథ వేసేవాళ్ళు. కొక్కెం లాంటి ముక్కు, నోట్లో చుట్ట, చంకలో కోడి, ఎవరికీ తలవంచని ఒక ముసలమ్మ. ఆమెకి పేరు లేదు, అందరికీ అవ్వే. మొదటి గడిలో అవ్వ బస్సెక్కేది. రెండో గడిలో కండక్టరు కోడికి కూడా టిక్కెట్టు తియ్యమనేవాడు. మూడో గడిలో అవ్వ, "తీస్తాలే గానీ, దాని సీటేదో ముందు చూపించు" అనేది. మా నాన్న పెద్ద వార్తలన్నీ పక్కనబెట్టి ముందు అది పైకి చదివేవాడు. ఆయన అవ్వ గొంతు పెట్టి చదువుతుంటే వంటింట్లోంచి మా అమ్మ నవ్వు వినపడేది. నేను హైస్కూల్లో ఉండగా ఆ పత్రిక మూతపడింది. కొన్నాళ్ళకి నాన్న కూడా పోయాడు. ఆ రెండు నష్టాలూ నాకు ఒక్కటిగానే గుర్తుండిపోయాయి.

ఆ బొమ్మల్లో ఎక్కడా సంతకం ఉండేది కాదు. పత్రిక పెట్టిన ఎడిటరు గారే స్వయంగా గీస్తాడని జిల్లా అంతా అనుకునేది. ఆయన అవునని ఎక్కడా అనలేదు. కాదనీ అనలేదు.

స్టేషను రోడ్డులో ఒక పాత కాగితాల కొట్టు ఉండేది. పాత వారపత్రికల కోసం నెలకోసారి పోయేదాన్ని. ఒకసారి కొట్టాయన మూలనున్న రేకు పెట్టె చూపించి, "ఇయ్యేందో అట్టలమ్మా. గుంటూర్లో మూసేసిన ప్రెస్సు సామానుతో కలిసి వచ్చినయ్. మందంగా ఉండాయ్, పొట్లానికి మడతపడటంలా. నీకేమన్నా పనికొస్తయ్యేమో చూసుకో" అన్నాడు. మూత తీసేసరికి పైనే అవ్వ ఉంది.

అచ్చులో చూసిన అవ్వ కాదు, చేత్తో గీసిన అవ్వ. అచ్చులో పడేదానికి రెండింతలుంది. నల్లసిరా ఇంకా మెరుస్తోంది. ముక్కు గీత ఒక్క ఊపులో సన్నగా మొదలై, మధ్యలో లావై, మళ్ళీ సన్నబడింది. గీత తప్పిన చోట తెల్లరంగు పూసి దాని మీద మళ్ళీ గీశారు. వేలితో తడిమితే ఆ రంగు గరుగ్గా తగిలింది. అడుగున చెరిపీ చెరపని పెన్సిలు గీతలు. ఇలాంటి అట్టని ఫొటో తీసి జింకు బ్లాకు చేయించి, ఆ బ్లాకుతో పత్రిక అచ్చువేస్తారు. బ్లాకు తయారయ్యాక అట్టతో ఎవరికీ పని లేదు. పత్రిక కాపీలు వేలల్లో పడతాయి గానీ, ఈ అట్ట మాత్రం లోకంలో ఒక్కటే ఉంటుంది కదా అనుకోగానే నాకు ఒళ్ళు జలదరించింది. ఎంచి చూస్తే ఇరవై ఏడు ఉన్నాయి. కొట్టాయన పాత పుస్తకాల్లాగే తూకం వేసి ఇచ్చాడు. రిక్షాలో ఒళ్ళో పెట్టుకుని ఇంటికి తెచ్చుకున్నాను.

"జీతం అందిన రోజు ఎవరన్నా చీర కొనుక్కుంటారు. నువ్వేందే, చిత్తుకాగితాలు కొనుక్కొచ్చావు?" అంది మా అమ్మ. పైనున్న అట్ట తీసి ఆవిడ చేతిలో పెట్టాను. చాలాసేపు చూసింది. "మీ నాన్న ఉంటేనా..." అని ఆగిపోయి, "ముందు దుమ్ము దులుపు" అంది.

దులిపితే పోయే మురికి కాదది. గళ్ళ చుట్టూ వెడల్పాటి అంచు ఉంది. ఆ అంచు నిండా సిరా వేలిముద్రలు, జిగురు మరకలు, ఏవో కొలతలు, నీలం పెన్సిలు గీతలు, ఎవరిదో పొట్టి సంతకం. అన్నీ ప్రెస్సువాళ్ళ గోల అనుకున్నాను. అంత చక్కటి బొమ్మ చుట్టూ ఆ మురికి చూస్తుంటే నాకు మనసు ఆగలేదు.

మా వీధి చివర పటాలు కట్టే బాబాయ్ కొట్టు ఉంది. ఆయన మాకు చుట్టమేం కాదు, చిన్నప్పటి నుంచి బాబాయ్ అంతే. దేవుడి పటాలు, పెళ్ళి ఫొటోలు, పోయినవాళ్ళ ఫొటోలు, మా పేటలో సగం గోడలకి ఆయన కట్టిన అద్దాలే. మాఘమాసం, పెళ్ళిళ్ళ రోజులు, కొట్టు నిండా పని. నా అట్టలన్నీ బల్ల మీద పెట్టి, "అంచులన్నీ కోసెయ్ బాబాయ్. గీత దగ్గరికి తిన్నగా కొయ్యి. పటానికి మూడు చొప్పున తొమ్మిది పటాలు" అన్నాను.

ఆయన ఒక అట్ట తీసి, కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి చూశాడు. "ఇందులో ఏందో రాసుండాదమ్మాయ్."

"ప్రెస్సు గోల. కోసెయ్."

"ఇదిగో, దీన్లో కోడి తోక గీత దాటి బయటికొచ్చింది. కోస్తే కొస పోద్ది."

"పోతే పోనీ బాబాయ్! కోడేమన్నా ఏడుస్తుందా? నాకు తిన్నగా ఉండాలి, అంతే."

ఇది నేను నా నోటితో అన్న మాట. ఇన్నేళ్ళయినా తలుచుకుంటే చెంపలు వేసుకోవాలనిపిస్తుంది.

తొమ్మిది పటాలూ హాల్లో వరసగా వేలాడదీశాను. గోడ కళకళలాడింది. "పెళ్ళి ఫొటో కట్టించుకోవే తల్లీ అంటే, ముసలమ్మ ఫొటోలు కట్టించుకొచ్చింది" అని మా అమ్మ వచ్చినవాళ్ళందరికీ చెప్పి నవ్వించేది. కానీ మధ్యాహ్నం పూట నేను లేనప్పుడు ఆవిడే ఆ గోడ ముందు కుర్చీ వేసుకుని కూర్చుంటుందని పక్కింటి పిన్ని నాకు చెప్పింది.

ఆ వేసవిలో ఒకరోజు రైల్వే గేటు పడి నా రిక్షా ఆగిపోయింది. ముందు మాచర్ల నుంచి నాపరాళ్ళు వేసుకొచ్చిన లారీ ఉంది. దాని వెనక తలుపు మీద అవ్వ! చంకలో కోడితో, "ఎనకే రా నాయనా, తొందరేంది?" అంటోంది. పత్రికలో చూసి ఎవరో కాపీ కొట్టారేమో అనుకుంటూ ముక్కు వైపు చూశాను. ఒక్క ఊపు. సన్నగా, లావుగా, సన్నగా. రిక్షాలోంచి దూకి డ్రైవరు దగ్గరికి పరిగెత్తాను.

"మా మాచర్ల పెద్దాయన ఏసిందండీ. లారీలకి రంగులేస్తాడు. ఈ అవ్వ లేందే మా ఓనరు బండి బయటికి తియ్యనీడు" అన్నాడు డ్రైవరు.

ఆదివారం బస్సెక్కాను. పిడుగురాళ్ళ దగ్గర సున్నపు దుమ్ము మొహానికి కొట్టింది, గురజాల దాటాక ఎండ కొట్టింది. మాచర్లలో దిగి లారీలకి రంగులేసే పెద్దాయన అంటే చిన్నపిల్లలు కూడా దారి చూపించారు. రాళ్ళ మిల్లు పక్కన రేకుల పంచ. ఒక సన్నటి ముసలాయన లారీ తలుపు మీద నంబరు రాస్తున్నాడు.

"ఈ అవ్వని గుంటూరు పేపర్లో చూసి నేర్చుకున్నారా పెద్దాయనా?" అన్నాను.

కుంచె ఆగింది. "నేర్చుకోటమేంది తల్లీ? అవ్వ మా అత్త గదా."

లోపల్నుంచి ఆయన భార్య గొంతు ఖంగుమంది. "మాయమ్మ ముక్కు అంత పొడుగేం కాదు. ఎన్నేళ్ళ నుంచి చెప్తన్నా వినడే!"

ఆరేళ్ళ పాటు రోజూ ఒక బొమ్మ గీసి, కవరులో పెట్టి, గుంటూరు బస్సు డ్రైవరు చేతికిచ్చేవాడట. "డబ్బులు సక్రమంగానే ఇచ్చాడు ఎడిటరు, ఆ మాట అనాల. పేరు మాత్రం ఎయ్యలా. పేరు తెలిస్తే పక్క పేపరోళ్ళు నన్ను ఎత్తుకుపోతారని ఆయన బయం. ఒకటి రెండు సార్లు బొమ్మలోనే సంతకం పెడితే దాని మీద తెల్లరంగు కొట్టేశాడు." పత్రిక పోయాక లారీలకి వచ్చాడు. టీ హోటల్లో ఎప్పుడైనా ఈ మాట ఎత్తితే, "రూపాయి నోటు మీద బొమ్మ కూడా నువ్వే ఏశావా మావా?" అని ఏడిపించేవాళ్ళట. అందుకని చెప్పడం మానేశాడు.

"నేను నమ్ముతున్నాను" అన్నాను.

"ఎట్టా నమ్ముతావమ్మా?"

"ముక్కు చూసి."

ఆయన నా వైపు చూసి, చేతిలో కుంచె ఏం చెయ్యాలో తోచనట్టు రంగు డబ్బాలో పెట్టి, మళ్ళీ తీసి, మళ్ళీ పెట్టాడు. కళ్ళు తడయ్యాయి. నాకూ అయ్యాయి. ఆయన భార్య, పెద్దమ్మ, అన్నం పెట్టి గానీ పంపలేదు.

వానలు మొదలయ్యాక పేపర్లో ఒక చిన్న వార్త పడింది. విజయవాడలో ఒక ప్రచురణ సంస్థ పాత ఫైళ్ళలోంచి అవ్వ బొమ్మలన్నీ తీసి పుస్తకం వేస్తోందట. బొమ్మలు ఎడిటరు గారివట. ఇక చూసుకోండి నా కోపం. ఆ పూటే కూర్చుని, అవి మాచర్ల పెద్దాయనవని ఆ సంస్థకి నాలుగు పేజీల ఉత్తరం కొట్టాను. టైపు మిషను అదిరిపోతుంటే, "అక్షరాల్ని కొడుతన్నావా, మనుషుల్ని కొడుతన్నావా?" అని మా అమ్మ అడిగింది.

పది రోజులకి ఆ సంస్థ మనిషి స్వయంగా మా ఇంటికి వచ్చాడు. నెమ్మదస్తుడు. సంచీలో భూతద్దం. ఆయన కూడా ఇలాంటి అసలు బొమ్మలు దాచుకునేవాడేనట. పటాలు ఒక్కొక్కటీ వరండాలోకి తీసుకెళ్ళి వెలుతురుకి ఏటవాలుగా పట్టుకున్నాడు. "ఇలా చూడండమ్మా. తెల్లరంగు ఎత్తుగా కనపడుతోందా? అచ్చుకాగితానికి ఈ ఎత్తు ఉండదు. అడుగున పెన్సిలు చూడండి, ముందు కోడిని కుడి పక్క పెట్టి, తర్వాత ఎడమకి మార్చాడు. శుభ్రంగా ఉన్న బొమ్మకన్నా చెయ్యి తడబడ్డ బొమ్మకే మా దగ్గర విలువ ఎక్కువ. అక్కడ మనిషి దొరుకుతాడు." నాకు సొంత పిల్లకి ఫస్టు క్లాసు వచ్చినంత గర్వంగా ఉంది.

అప్పుడాయన పటం తిప్పి చూశాడు. "అంచులు లోపలికి మడిచారా?"

"లేదండీ. మురికిగా ఉంటే కోయించేశాను."

ఆయన భూతద్దం కింద పెట్టేశాడు. తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "అయ్యో, అమ్మా" అన్నాడు, అంతే.

తర్వాత నెమ్మదిగా చెప్పాడు. సంతకం బొమ్మలో పెట్టనివ్వకపోతే గీసినవాళ్ళు అంచులో పెట్టేవాళ్ళట. అంచు ఎలాగూ అచ్చులో పడదు. అట్ట చేరగానే ఎడిటరు ఆ పక్కనే నీలం పెన్సిలుతో "అందింది" అని రాసి పొడి అక్షరాలు వేసేవాడట. "ఎడిటరు గారి చేతిరాత మా దగ్గర ఉత్తరాల్లో ఉంది. ఆ రాతా, మీ పెద్దాయన సంతకమూ ఒక్క ముక్క మీద కలిసి కనపడితే చాలు, పుస్తకం అట్ట మీద ఆయన పేరే వేస్తాను. లేకపోతే, ఎడిటరు గారు పోయారు కదా, వాళ్ళ కుటుంబం ఒప్పుకోదు. నెలాఖరుకి పుస్తకం మిషనెక్కుతుంది. ఈ లోపల ఏదైనా దొరికితే చూడండి."

నీలం పెన్సిలు. పొట్టి సంతకం. నా కళ్ళతో నేను చూశాను. పొద్దస్తమానం సంతకాలూ సాక్ష్యాల మధ్య బతికేదాన్ని, ఇరవై ఏడు సాక్ష్యాల్ని దగ్గరుండి కోయించాను. ఆయన్ని సాగనంపి, చెప్పులు కూడా వేసుకోకుండా పటాల కొట్టుకి పోయాను.

"బాబాయ్! అంచులు ఏం చేశావ్?"

"ఏ అంచులు?"

"అవ్వ అంచులు! మాఘమాసంలో కోశావే!"

"ఆ అంచులా? మందం అట్ట గదమ్మాయ్, ఎవరన్నా పారేస్తారా? పటాల ఎనక చెక్కేశా" అన్నాడు తాపీగా. పటం కట్టేటప్పుడు బొమ్మకీ వెనక చెక్కకీ మధ్య సందు మిగిలితే లోపల బొమ్మ కదులుతుంది. కదలకుండా ఆ సందులో అట్ట ముక్కలు కూరడం ఆయన పద్ధతి.

"ఎవరి పటాల వెనక?"

"ఆ నెల కట్టిన వాటన్నిటి ఎనకా."

సంగతంతా చెబితే విని, ఆయన కొట్టు బల్ల సర్దేసి పట్టకారు, సుత్తి సంచీలో వేసుకున్నాడు. "నువ్వు కొయ్యమన్నావ్, నేను కోశా. సగం తప్పు నాది. రా, యాడ కట్టానో నాకు గుర్తుండాది."

అలా మొదలైంది మా తిరుగుడు. సాయంత్రం కోర్టు వదలగానే నేనూ బాబాయ్ ఇళ్ళకి పోయి, అయ్యా మీ పటం ఒకసారి విప్పి మళ్ళీ కడతాం అని అడిగేవాళ్ళం. దొంగల్ని చూసినట్టు చూసేవాళ్ళు. ముందు కాంపౌండరు గారింట్లో పెళ్ళి ఫొటో. కొత్త కోడలు, ఫొటోలో ఏదో దోషం ఉందేమోనని బెదిరి తలుపు చాటున నిలబడింది. విప్పితే రెండు ముక్కలు దొరికాయి. ఒకదాని మీద కలం సరిచూసుకున్న గీతలు, రెండోదాని మీద కొలతలు. సంతకం లేదు.

మిరపకాయల షావుకారు ఇంటికి పోయింది శుక్రవారం. ఆ సంగతి నాకు తట్టలేదు. "శుక్రవారం పూట లక్ష్మిని గోడ మీంచి దించుతారా? మతుండే మాట్లాడతన్నావా?" అని షావుకారు భార్య నా మీదికి వచ్చింది. నాకూ కోపం వచ్చింది. బాబాయ్ నా చెయ్యి పట్టి గేటు బయటికి లాక్కొచ్చాడు. మర్నాడు మళ్ళీ పోతే, ఆవిడే ఇద్దరి చేతా కాళ్ళు కడిగించి, దీపం పెట్టి, లక్ష్మికి దణ్ణం పెట్టి, "నా తప్పేం లేదు తల్లీ, అడిగింది వీళ్ళు" అని చెప్పుకుని అప్పుడు దించనిచ్చింది. అందులో ఒక ముక్క మీద పెద్దాయన సంతకం దొరికింది. నేను ఎగిరి గంతేశాను. కానీ నీలం రాత లేదు. అది ఇంకో ముక్కలోకి పోయింది.

ఆ ఆదివారం మాచర్ల పోయాను. చెప్పకుండా ఉండలేకపోయాను. పుస్తకం సంగతి, అంచుల సంగతి, నేను చేసిన పని, అన్నీ చెప్పేశాను. పెద్దాయన వింటూ కుంచె కిరసనాయిల్లో కడిగాడు, గుడ్డతో తుడిచాడు, మళ్ళీ కడిగాడు.

"పోనీలే తల్లీ" అన్నాడు చివరికి. "ఎడిటరు లోపలున్న పేరు చెరిపాడు. నువ్వు బయటున్న పేరు కోశావు. నీకు తెలవదు గదా."

తిట్టలేదు ఈయన కూడా. తిరుగు బస్సులో నరసరావుపేట వచ్చేదాకా ఏడుస్తూనే ఉన్నాను. పక్కసీట్లో ఆమె, ఎవరు పోయారమ్మా అని అడిగి నాకు నీళ్ళ చెంబు ఇచ్చింది.

ఇంకా పన్నెండు ఇళ్ళు తిరిగాం. కొన్నిచోట్ల ఉత్త తెల్ల ముక్కలు, కొన్నిచోట్ల వేలిముద్రలు, ఒకచోట "ముక్కు చెక్కవద్దు" అని బ్లాకు చేసేవాళ్ళకి పెద్దాయన పెట్టుకున్న విన్నపం. నెలాఖరుకి మూడు రోజులున్నాయి. బాబాయ్ గుర్తులో మిగిలింది ఒక్క పటమే. దాని సంగతి ఆయన ముందు నుంచీ దాటేస్తూ వచ్చాడు. ఒక పెద్దమనిషి ఆ మాఘంలోనే పోతే కట్టిన ఫొటో అది.

ఆ ఇంటికి పోయేసరికి ఫొటోకి దండ ఉంది, ముందు దీపం వెలుగుతోంది. కోడలు మా మాట వినగానే, "మామయ్య గారి ఫొటో ముట్టుకోటానికి వీల్లేదండీ" అంది. నేను కోర్టులో వాదించినట్టు మొదలుపెట్టి, దీపం వైపు చూసి మానేశాను. ఏ మొహం పెట్టుకుని అడగను? వెళ్ళిపోదామని బాబాయ్ సంచీ ఎత్తాడు. అప్పుడు మంచం మీదున్న ముసలావిడ, పోయినాయన భార్య, కూర్చునే అడిగింది.

"ఆ బొమ్మలేసినాయన బతికే ఉన్నాడా?"

"ఉన్నాడండీ, మాచర్లలో."

"అయితే దించండి. మాయన ఇప్పుడేం తొందరపడడులే."

బాబాయ్ చెప్పులు విప్పి, దండ తీసి ఆవిడ ఒళ్ళో పెట్టి, మేకులు ఒక్కొక్కటే పీకాడు. వెనక చెక్క తీయగానే జానెడు పొడుగు అట్ట ముక్క జారి పడింది. ఒక చివర పొట్టి సంతకం. దాని పక్కనే నీలం పెన్సిలు: "అందింది. కోడి బాగుంది. పేరు మాత్రం లోపల వద్దు." కింద ఎడిటరు పొడి అక్షరాలు. పై అంచున, కోసిన చోట, నల్లసిరాతో చిన్న గోరంత గీత.

"తోక కొస" అన్నాడు బాబాయ్.

ఇంటికి వచ్చి ఆ కోడి ఉన్న పటం విప్పి, బొమ్మ పక్కన ముక్క పెట్టాం. తోక కలిసింది. వెంట్రుకవాసి తేడా లేదు. మా అమ్మ వంగి చూసి, "నీ కోడి ఇన్నాళ్ళకి ఏడుపు మానిందే" అంది. ఆ రోజు కొట్లో నేనన్న మాట బాబాయ్ ఆవిడకి ఎప్పుడో చేరవేశాడన్నమాట.

పోస్టుని నమ్మక, సెలవు పెట్టి నేనే విజయవాడ పట్టుకెళ్ళాను. ఆ నెమ్మదస్తుడు ఉత్తరాలు పక్కన పెట్టుకుని, భూతద్దంతో అరగంట చూసి తల ఊపాడు. "మీ తొమ్మిది పటాలూ కలిపినా ఈ ముక్క విలువ చెయ్యవమ్మా. ఎప్పుడైనా ఇవ్వాలనుకుంటే నాకే చెప్పండి" అన్నాడు. ఇవ్వనన్నాను. బొమ్మా ముక్కా కలిపి ఫొటో తీయించి పుస్తకం మొదటి పేజీలో వేశాడు. పుస్తకం పై అట్ట మీద పెద్దాయన పేరు వేశాడు, ఇంటిపేరుతో సహా.

మొదటి కాపీ తీసుకుని నేనూ బాబాయ్ మాచర్ల పోయాం. పెద్దమ్మకి చదువు రాదు. "యాడుంది ఈయన పేరు?" అని అడిగి, నేను చూపించిన చోట వేలు పెట్టి, అలాగే ఉంచింది. పెద్దాయన మాత్రం లోపల పేజీలు తిప్పి, "ముక్కు సరిగ్గా పడలా" అని గొణిగాడు. అప్పటికే టీ హోటలు వాళ్ళు నలుగురు పంచ ముందు పోగయ్యారు. వాళ్ళ వైపు చూడనట్టే, పుస్తకాన్ని పేరు కనపడేటట్టు గోడకి ఆనించి పెట్టాడు.

మేం లేచేటప్పుడు ఆయన పాత పేపర్లో చుట్టిన అట్ట ఒకటి నా చేతిలో పెట్టాడు. విప్పాను. మూడు గళ్ళు. మొదటి గడిలో స్టూలెక్కి గోడ మీద లక్ష్మి పటాన్ని పీకుతున్న నేను, కింద పట్టకారుతో బాబాయ్. రెండో గడిలో చీపురు ఎత్తిన షావుకారు భార్య, పరిగెడుతున్న మేమిద్దరం. మూడో గడిలో చంకలో కోడితో అవ్వ నాకు వేలు చూపిస్తోంది. "ఏమే, ఈసారన్నా అంచు కోయించమాకే!" బాబాయ్ కడుపు పట్టుకుని నవ్వాడు.

గళ్ళలో ఎక్కడా సంతకం కనపడలేదు. కింద అంచులో ఉంది, అదే పొట్టి సంతకం.

"ఇప్పుడైనా లోపల పెట్టుకోవచ్చు కదా పెద్దాయనా? ఇప్పుడెవరు వద్దంటారు?"

"అలవాటైపోయిందమ్మా. నా చోటు అదే అనిపిస్తది."

కోర్టులో వాడే నీలం పెన్సిలు నా చేతిసంచీలో ఉంది. అట్టని ఒళ్ళో పెట్టుకుని, ఆయన సంతకం పక్కన, వరస చూసుకోకుండా రాశాను: "అందింది. కోడి బాగుంది. పేరు కూడా అందింది." కింద నా పొడి అక్షరాలు వేసి ఆయనకి చూపించాను. పెద్దాయన కళ్ళజోడు పెట్టుకుని చదివాడు. మళ్ళీ చదివాడు. తర్వాత రెండు చేతులతో మొహం కప్పుకుని, టీ హోటలు వాళ్ళందరి ముందూ, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.